ఎవరి కొలతతో పొడుగు

రండి, కొంచెం దగ్గరికి జరగండి. బయట బట్ట నేసే సాంచాల చప్పుడుకు నా మాట దూరం పోదు. ఆ చాప ఇటు లాక్కోండి, గోడకు ఆనుకునేవాళ్లు ఆనుకోండి. మా ఇంట్లో అద్దెకున్న ఒక సారు సంగతి చెప్తాను. ఆయన పోయాడని మొన్న ఆయన బిడ్డ ఫోన్ చేసి చెప్పింది. ఫోన్ పెట్టేశాక మా తోడికోడలు చేతి గాజులను ఒక్కొక్కటే పైకీ కిందికీ జరుపుకుంటూ కూర్చుంది. అట్లా ఎందుకు కూర్చుందో తెలియాలంటే ముందు సారు తెలియాలి.

ఆయన్ను అందరూ చుక్కల సారు అనేవాళ్లు. తల్లిదండ్రులు పెట్టిన పేరు ఉండేది గాని, మా సిరిసిల్లలో ఒకసారి పేరు పడితే అదే పేరు. కాలేజీలో సైన్సు చెప్పేవాడు. కోస్తా దిక్కు మనిషి. మా ముందరి అర్ర కిరాయికి తీసుకున్నాడు. వచ్చిన రోజే మా అత్త తలుపు దగ్గర నిలబడి ఆయన మాటలు కాసేపు విని, "నువ్వు మాట్లాడుతుంటె రేడియో పెట్టినట్టే ఉన్నది సారూ, బందు చేద్దామంటె గుండీ ఏడున్నదో కానొస్తలేదు" అన్నది. ఆయన కోపం తెచ్చుకోలేదు. కళ్లద్దాలు తీసి, మెడలో తువాలు కొసతో తుడిచి, తల ఒక పక్కకు వంచి నవ్వాడు. ఏ మాటకైనా ఆయన జవాబు అట్లాగే మొదలయ్యేది. ముందు అద్దాలు, తరవాత తువాలు, తరవాత తల వంచడం, ఆ తరవాతే మాట. తొందర ఉన్నవాళ్లు ఈలోపు వెళ్లిపోయేవాళ్లు.

చుక్కల సారు అని పేరే గాని ఆయన ఆకాశం దిక్కు చూడగా నేను చూడలేదు. ఆయన చూసేదంతా కాగితాలే. పచ్చని చారలతో, రెండు అంచులకూ వరుసగా చిల్లులతో, తానులాగా మడతల మీద మడతలు పడి ఉండే కంప్యూటర్ కాగితాలు. మంచం మీద అవే, కిందా అవే. వాటి నిండా అంకెలు.

ఒకనాడు మా అత్త అడిగింది. "సారూ, మనుమరాలికి పేరు పెట్టాలె. ఏ చుక్క మంచిగున్నదో జర చూసి చెప్పుండ్రి."

"నాకు చుక్కల పేర్లు అంతగా తెలియవమ్మా."

"ఓరి దేవుడా! నూలు తెల్వని సాలోడు ఉంటడా? మరేం సారువయ్యా నువ్వు?"

అద్దాలు తుడుచుకుని చెప్పాడు. "నేను లెక్కలు కట్టేవి చుక్కలు కావమ్మా, చుక్కల ఊళ్లు. గెలాక్సీలంటారు. ఒక్కొక్క ఊళ్లో లెక్కకు అందనన్ని చుక్కలు."

"గా ఊర్లల్ల సర్పంచు ఉంటడా?"

"ఉండడు."

"అయితె మంచి ఊర్లే" అన్నది మా అత్త.

నేను నాలుగో తరగతి దాటలేదు. అయినా ఆయన పని ఏమిటో నాకు కొంత అర్థమైందంటే అది ఆయన చెప్పే తీరు. ఒక మునిమాపు వేళ డాబా మీద ఆరేసిన బట్టలు తీస్తుంటే ఆయన వచ్చి దూరంగా చూపించాడు. "అమ్మా, ఆ మూల హోటల్ దీపం, ఆవల మిల్లు దీపం చూడండి. రెండూ ఒక్క తీరుగా వెలుగుతున్నాయి కదా. ఒకటి చిన్నది, దగ్గరుంది. ఇంకోటి పెద్దది, దూరముంది. వెలుగు ఒక్కటే చూస్తే మోసపోతాం. దూరం కూడా తెలియాలి."

"మీ ఊర్ల దూరం ఎట్ల తెలుస్తది సారూ? ఎవలు పోయి చూసొచ్చిన్రు?"

నా చేతిలోని గళ్ల లుంగీ ఒక కొస ఆయన పట్టుకుని గుంజాడు. తడి బట్ట కొంచెం సాగింది. గళ్లు ఎడమయ్యాయి. "వెలుగులో కూడా ఇట్లా గీతలుంటాయి. దారి పొడవునా వెలుగు సాగుతూ వస్తుంది. సాగినకొద్దీ ఆ గీతలన్నీ ఎరుపు దిక్కుకు జరుగుతాయి. ఎంత జరిగాయో చూస్తే ఎంత దూరం నుంచి వచ్చిందో తెలుస్తుంది."

ఆయనకు వచ్చిన చిక్కు ఏమిటంటే, వెలుగు కొలిచినవాళ్లు ఒక దేశంవాళ్లు, సాగుడు కొలిచినవాళ్లు ఇంకో దేశంవాళ్లు. ఈ కాగితంలో ఉన్న ఊరు ఆ కాగితంలో ఏదో వెతికి జత కలపాలి. పక్కపక్కన కనబడ్డంత మాత్రాన రెండూ ఒకటి కావట. పైగా ఒకే ఊరిని ఇద్దరు చూస్తే ఒకరు బాగా వెలుగుతుందని రాస్తారు, ఇంకొకరు మసకగా ఉందని రాస్తారు.

సాంచె ఆపి వింటున్న మా ఆయన అన్నాడు. "గంతే కదా సారూ, రెండు కలిపి సగం చేసి రాసుకోరాదుండ్రి."

"వద్దు వద్దు" అని ఆయన చెయ్యి ఊపాడు. "ముందు ఇద్దరూ చూసినవాటిని పట్టుకోవాలి. అక్కడ ఎవరి చూపు ఎటు వంగుతుందో తెలిసిపోతుంది. ఆ వంపు తీసేశాకే మిగతావి నమ్మాలి."

"గిదా!" అన్నది మా అత్త. "మా ఎదురింటామె పిసరంత ముచ్చటను మూరెడు చేస్తది. ఆమె చెప్పిందాంట్ల కొంత తీసేసే ఇంట నేను."

"అదేనమ్మా! అదే!" అని సారు చిన్నపిల్లవాడిలాగా చప్పట్లు కొట్టాడు.

అందుకే ఆయన నోట ఎప్పుడూ ఒకటే మాట. "ఎవరి కొలతతో?" కూరలో కారం ఎక్కువైందా సారూ అంటే, "ఎవరి కొలతతో? మీ కొలతతో చప్పన, నా కొలతతో నిప్పు" అని నీళ్లు తాగేవాడు. ఎండ మండుతున్నదంటే ఎవరి కొలతతో అనేవాడు. చివరికి మా అత్త కూడా పాలామె మీద ఆ మాట ప్రయోగించింది. "చిక్కగున్నయంటవు. ఎవరి కొలతతోనే? నీ బాయి కొలతతోనా?"

అవి అడవిలో అన్నలు తిరిగే కాలం. పగలు పోలీసులు అడిగేవాళ్లు, పొద్దుగూకితే అన్నలు అడిగేవాళ్లు. ఇద్దరిదీ ఒకే ప్రశ్న: వాళ్లు వచ్చిన్రా? కొత్త మనిషి అద్దెకున్నాడని ఒకసారి ఇద్దరు పోలీసులు మా ఇంటికి వచ్చారు. ఆ అంకెల కాగితాలు చూసి ఒకతను, "ఏందివి?" అన్నాడు.

"గెలాక్సీలు."

"ఏడుంటయి?"

"చాలా దూరం."

"ఎంత దూరం?"

అడగకూడని మాట అడిగాడు. సారు మొహం వెలిగిపోయింది. ఇద్దరినీ మంచం మీద కూర్చోబెట్టి కాగితం విప్పాడు. చాయ తాగడం అయింది, రెండో చాయ కూడా అయింది, కాగితం ఇంకా విప్పుతూనే ఉన్నాడు. పెద్దాయన లేచి దండం పెట్టాడు. "సాలు సారూ. మేం యేములాడ గూడ పోవాలె."

నవ్వుకున్నాం. అప్పటికి మాకు నవ్వే రోజులే.

మా మరిది, అంటే మా ఆయన తమ్ముడు, ఒక పొద్దున "కోరుట్లకు పోయొస్త వదినా" అని చెప్పి నేసిన లుంగీల మూట ఎత్తుకుని బస్సెక్కాడు. రాలేదు. అంతకు ముందు వారం అతన్ని స్టేషన్‌కు పిలిచి ఏవేవో అడిగి పంపారు. అన్నలకు అన్నం పెట్టాడని ఎవరో చెప్పారట. మేము కోరుట్ల అంతా అడిగాం. మూట అమ్మినాడు, పోయినాడు అన్నారు. ఎటు పోయాడో ఎవరూ చెప్పలేదు. మా తోడికోడలు బీడీల చాట ముందు పెట్టుకుని, ఆకు కత్తిరిస్తూ, ప్రతి బస్సు హారనుకూ తల ఎత్తేది.

చాలా నెలలకు, తునికాకు కోసే కాలంలో, కొడిమ్యాల దిక్కు గుట్టల దగ్గర ఒక మనిషి చచ్చిపడి ఉన్నాడని తెలిసింది. ఎవరు చంపారని ఎవరూ అనలేదు, ఎవరూ అడగలేదు. మనవాడని ఎవరూ ముందుకు రాకపోతే అక్కడే మట్టి చేశారు. మేము విని పోయేసరికి మట్టి కూడా ఆరింది. ఆ మనిషిని ముందు రోజు బతికుండగా చూసిన ఆకు కూలి ఒకడు దొరికితే, మా ఆయన అతన్ని ఇంటికి తీసుకొచ్చాడు. పేరు లచ్చయ్య. పొట్టి మనిషి, మంచం మీద కూర్చుంటే కాళ్లు నేలకు అందలేదు.

"ఆకు కల్లం కాడికి అచ్చి నీళ్లడిగిండు" అన్నాడు లచ్చయ్య. "నా పక్కకే నిలవడి తాగిండు. పొడుగు మనిషి. నల్లగున్నడు. తెల్లారి పొద్దుగాల్ల సూస్తె సచ్చిపడ్డది గదే మనిషి, గదే లుంగి."

"లుంగి ఎట్లున్నది?" అన్నాడు మా ఆయన.

"గళ్లది. అంచుకు రెండు పచ్చ పోగులు, నడుమ ఒక ఎర్ర పోగు."

మా ఆయన అట్లాగే నేల మీద కూలబడ్డాడు. ఆ అంచు మాది. మా మామ బతికున్నప్పుడు పెట్టిన గుర్తు. సిరిసిల్లలో ఇంకే సాంచె మీదా ఆ అంచు లేదు. "మా బట్టనే. మా తమ్ముడే" అని తల బాదుకున్నాడు. మా అత్త శోకం తీసింది. నేనూ ఏడ్చాను. సాలోళ్ల ఇంట్లో అంతే. బట్ట మనదైతే దాంట్లో మనిషి కూడా మనవాడే అనిపిస్తుంది. పోగు పోగూ చేత పట్టి చూసిన బట్ట పరాయి ఒంటి మీద ఉంటుందని మనసుకు తట్టదు.

మర్నాడు కులపెద్ద వచ్చాడు. "దినాలు చెయ్యాలె. ఆత్మ తిరుగుతది. ఆ పిల్ల గాజులు తియ్యాలె" అన్నాడు. మా తోడికోడలు లోపల గోడకు ఆనుకుని, రెండు చేతులూ కొంగులో చుట్టుకుని కూర్చుంది. ఏడవడం లేదు. ఆ మొహం చూస్తే నాకు భయమైంది.

సారు తన అర్ర గడప మీద నిలబడి ఇదంతా విన్నాడు. అద్దాలు తీశాడు, తుడిచాడు. తల వంచాడు. "పెద్దాయనా, ఒక్క మాట. లచ్చయ్యను రెండు అడగనివ్వండి."

"చుక్కల ముచ్చటనా సారూ గిది?" అన్నాడు కులపెద్ద.

"దాదాపు అదే."

ఆయన లచ్చయ్య పక్కన కింద కూర్చుని మెల్లగా అడిగాడు. "లచ్చయ్యా, నేను పొడుగా పొట్టా?"

"మీరా? పొడుగు సారూ."

మేమందరం ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం. సారు పొడుగంటే నమ్మేవాళ్లు మా వీధిలో లేరు.

"ఈయన?" అని మా ఆయన్ను చూపించాడు.

"గాయన ఇంకా పొడుగు."

"ఆ నీళ్లు తాగిన మనిషి మాలో ఎవరంత?"

లచ్చయ్య లేచాడు. సారు పక్కన నిలబడి చూశాడు. మా ఆయన పక్కన నిలబడి చూశాడు. మళ్లీ సారు దగ్గరికి వచ్చాడు. "మీ అంత సారూ. గీ అన్న అంత ఉండడు. గీ అన్న చెవు కాడికి అస్తడు."

మా మరిది మా ఆయన కంటే పొడుగు. వంటింటి గడప దాటినప్పుడల్లా పైకమ్మి నుదుటికి తగిలేది, మా అత్త దానికి గోనెపట్టా చుట్టించింది. ఆ పట్టా అప్పటికీ అక్కడే ఉంది. అందరం దాని దిక్కే చూశాం.

"లచ్చయ్య అబద్ధం చెప్పలేదు" అన్నాడు సారు. "ఆయన కొలతతో పొడుగే. మనం దాన్ని మన కొలతతో విన్నాం."

"మరి లుంగి?" అన్నాడు మా ఆయన.

"మీ లుంగీలు వారం వారం కోరుట్ల అంగట్లో అమ్ముడుపోతాయి కదయ్యా. మీ ఒక్క ఇంట్లోనే కట్టుకుంటారా?"

అప్పుడు మా తోడికోడలు లోపలి నుంచి లేచి వచ్చింది. మగవాళ్ల ముందుకు ఎప్పుడూ రాని పిల్ల. "సారూ, మరి ఆయన బతికున్నడా?"

ఆ ప్రశ్నకు ఆయన అద్దాలు తియ్యలేదు, తువాలు ముట్టలేదు. నేరుగా ఆమె మొహంలోకి చూశాడు. "తెలియదమ్మా. అక్కడ చనిపోయింది ఆయన కాదు. అంతవరకే నాకు తెలుసు."

"సగం జవాబు" అని కులపెద్ద తుండు దులిపి భుజాన వేసుకున్నాడు. "సగం జవాబు మీద ఆడిది ఎన్నేండ్లు కూసుంటది?"

"నాకు గదే సాలు" అన్నది మా తోడికోడలు. గాజులు తియ్యలేదు.

ఇక్కడితో అయిపోతే ఆయన సంగతి మీకు చెప్పేదాన్ని కాదు. మేమందరం అన్నం తిన్నాం ఆ రోజు. సారు తినలేదు. నేను కంచం తీసుకుపోతే అన్నాడు. "అమ్మా, జత విడగొట్టాం. ఇప్పుడు రెండు మిగిలాయి. ఒక దిక్కు మనిషి లేని మన ఇల్లు. ఇంకో దిక్కు ఇల్లు తెలియని ఆ మనిషి. మనం మనదే చూసుకున్నాం. ఆయన ఎవరి ఇంట్లో లేడు?"

ఆయన పద్ధతే అదట. ఒక కాగితంలోది ఇంకో కాగితంలోదానికి జత కాదని తేలితే, పక్కన పడెయ్యకూడదట. దాని అసలు జత దొరికేదాకా వెతకాలట. చుక్కల ఊళ్ల సంగతి సరే, మనుషుల సంగతి అట్లా కాదని నేను గట్టిగా చెప్పాను. "సారూ, పోకుండ్రి. ఇటోళ్లు మిమ్ముల అటోడంటరు. అటోళ్లు ఇటోడంటరు."

"ఎవరి కొలతతో వాళ్లు" అని నవ్వి, లచ్చయ్యను వెంటబెట్టుకుని, మా అంచు గుడ్డపేలిక ఒకటి సంచిలో వేసుకుని ఆదివారం బస్సెక్కాడు. వచ్చే ఆదివారమూ పోయాడు. కాలేజీ సెలవైతే చాలు, పోవడమే. కొడిమ్యాల చుట్టూ తిరిగాడు, జగిత్యాల దిక్కు తిరిగాడు. చివరికి కథలాపూర్ దగ్గర ఒక కూలి వాడలో ఒక అవ్వ ఆ పేలిక చూసి, "మా పోరనికి గిసుంటి లుంగే ఉన్నది" అన్నది. ఒక్కగానొక్క కొడుకు. ఆకు కొయ్య పోయి తిరిగి రాలేదు. దుబాయి పోయి ఉంటాడని వాడవాళ్లు చెప్తే నమ్మి కూర్చుంది. ఎంతెత్తు ఉంటాడమ్మా అంటే, సారు భుజం మీద చెయ్యి వేసి, "గింతే. నీ అంతనే ఉంటడు" అన్నదట. "ఎడమచెయ్యి వాటం. కొట్టినా మానలే."

లచ్చయ్య అక్కడే కింద కూర్చుండిపోయాడు. "లోటా ఎడమచేత్తోనే అందుకున్నడు సారూ" అన్నాడట. ఆ మాట అంతవరకు అతనికే గుర్తు లేదు.

సారు ఇంటికి వచ్చి, చెప్పులు విప్పకుండా మెట్టు మీద కూర్చుని ఇదంతా చెప్పాడు. "దుబాయిలో ఉన్నాడనుకుంటూ ఆమె బతుకుతోంది. నేను పోయి చంపి వచ్చాను. మీ ఇంట్లో నిలబెట్టిన లెక్కే ఆ ఇంట్లో కూలగొట్టింది. ఆమె కొలతతో నేను చేసింది మంచా, చెడా?"

నేను చెంబుతో నీళ్లు తెచ్చి ఆయన పక్కన పెట్టాను. మా అత్త వచ్చి అదే మెట్టు మీద ఊరికే కూర్చుంది. అన్నిటికీ మాట ఉండే మనిషి.

ఆ తరవాత కొన్నాళ్లకు అవ్వ తనే సిరిసిల్లకు వచ్చింది. దినం చెయ్యడానికి కొడుకు ఒంటి మీది గుడ్డ అయినా లేదు, ఆ అంచు లుంగీ ఒకటి కావాలని. వాకిట్లోనే నిలబడింది. మా అత్త బయటివాళ్లను సాంచె దాకా రానిచ్చే మనిషి కాదు. ఆ రోజు తనే ఎదురుపోయి, చెయ్యి పట్టుకుని తెచ్చి సాంచె పక్కన పీట వేసింది. మా ఆయన తాను విప్పి లుంగీ కోసి ఇచ్చాడు. మా తోడికోడలు నీళ్లు తెచ్చింది. అవ్వ ముందు గాజులు గలగలమంటాయని చెయ్యి కొంగు కింద దాచుకుని, ఒక్క చేత్తో చెంబు అందించింది.

అవ్వ ఆ కొంగు మెల్లగా తొలగించింది. "దాసకు బిడ్డా" అన్నది. "గాజుల సప్పుడు ఇననియ్యి."

సారు తన అర్రలో కాగితాల ముందు కూర్చుని ఉన్నాడు. ఆయన వీపు మాత్రం నాకు కనబడింది. అంకెలు చూస్తున్నట్టు లేదు.

మరుసటి ఏడాది ఆయనకు బదిలీ అయింది. కాగితాలు తానుల్లాగా చుట్టి, మా ఆయన ఇచ్చిన నూలు తాడుతో కట్టుకుని పోయాడు. ఆయన పోయాక చాలా ఏండ్లకు ఒక మధ్యాహ్నం వంటింటి గడప దగ్గర ధన్‌మని చప్పుడైంది. గోనెపట్టా ఎప్పుడో చీకి ఊడిపోయింది మరి. నుదురు రుద్దుకుంటూ మా మరిది నిలబడి ఉన్నాడు. జుట్టు సగం నెరిసింది. మళ్లీ స్టేషన్‌కు పిలుస్తారన్న భయంతో పోయి, బొంబాయి పక్కన భీవండిలో సాంచాల మీద పని చేశాడట. ఉత్తరం రాస్తే దాని వెంట ఇంటి మీదికి ఎవరొస్తారోనని భయపడి రాయలేదట. మా అత్త ముందు చెంప మీద కొట్టి, తరవాత పట్టుకుని ఏడ్చింది.

మా తోడికోడలు చేసిన మొదటి పని ఏమిటో తెలుసా? "అక్కా, సారుకు చెప్పాలె. తెల్వదన్న మనిషికి తెల్వాలె" అన్నది. కాలేజీలో అడిగి నంబరు సంపాదించి, మా మరిదితో కలిసి ముగ్గురం ఎస్టీడీ డబ్బాకు పోయాం. ఆమె ఫోన్ నా చేతికిచ్చింది, నేనే చెప్పాను. "సారూ, మా మరిది అచ్చిండు. బతికే ఉన్నడు."

అటు నుంచి మాట లేదు. నాకు తెలుసు, అద్దాలు తీసి ఉంటాడు, తుడుస్తుంటాడు, తల వంచి ఉంటాడు. డబ్బా అబ్బాయి లైను పోయిందేమో చూడమన్నాడు. పోలేదని నేను చెయ్యి ఊపాను.

చివరికి ఆయన గొంతు వచ్చింది. రేడియో మాట కాదు, మా మాటే.

"మంచిగైంది" అన్నాడు. "కథలాపూర్ అవ్వ మంచిగున్నదా అమ్మా? ఎవలన్న పోయి చూస్తున్నరా?"

చూస్తున్నాం సారూ అని చెప్పాను. నిజమే చెప్పాను. అప్పటికే మా తోడికోడలు పండుగకు పండుగకు ఆమె దగ్గరికి పోయి వచ్చేది. ఆ తరవాత మా మరిది కూడా వెంట పోయేవాడు. అవ్వ గుడిసె పైకమ్మి చాలా కిందికి ఉండేది, అక్కడా తల తగిలించుకునేవాడు. అవ్వ నవ్వేది. ఆమె పోయినప్పుడు కొరివి పట్టింది మా మరిదే.

ఇక లేవండి, పొయ్యి మీద పప్పు ఉడుకుతున్నది, తిని పోదురు. మీ ఇంటి గడప దాటి పోయినవాళ్లు తల తగిలించుకుంటూనైనా తిరిగి రావాలి. మీ ఆడబిడ్డల చేతి గాజులు ఎప్పుడూ చప్పుడు చెయ్యాలి. మీ ఇంట్లో కంచాలన్నీ నిండిన పూట, ఏ ఇంట్లో కంచం ఖాళీగా ఉందోనని అడిగే మనిషి ఒక్కడు మీ ఇంట పుట్టాలి. చల్లగా ఉండండి.